కదలకండి గారి మణికట్టు

ఆ ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుపడితే "సార్" అనేవాళ్లు, ఆయన అటు తిరగగానే "కదలకండి గారు" అనుకునేవాళ్లు. ఎక్స్‌రే గదిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆయన నోట వినపడే మాట అదే మరి.

"కదలకండి. నేనిక్కడే ఉన్నాను."

ఈ రెండు ముక్కలూ చెప్పి, బయటికొచ్చి, తలుపు మూసి, సీసపు రేకు వేసిన గోడ చాటుకి వెళ్లి, గాజు కిటికీలోంచి చూస్తూ మీట నొక్కేవారు. ఇక్కడే ఉన్నానని నమ్మబలికి అవతలికి జారుకునే మనిషిని ఏమనాలి? ఇంకెవరైనా అయితే జనం నాలుగు దులిపేసేవాళ్లే. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో అంత నిబ్బరం ఉండేది. ఏడుస్తూ వచ్చిన పిల్లలు కూడా ఆ మాటకి ఊపిరి బిగబట్టి బొమ్మల్లా ఉండిపోయేవాళ్లు.

ఆయనది చేయి తిరిగిన పని. అందులోనూ చేతుల ఫోటోలంటే ఆయన తర్వాతే ఎవరైనా. కాళ్లు, వెన్నెముకలు, ఛాతీలు తన దగ్గర పని నేర్చుకున్న జూనియర్ అమ్మాయికి ధారాళంగా వదిలేసేవారు గానీ, మణికట్టు వచ్చిందంటే లేచి తనే వెళ్లేవారు. రోగిని స్టూలు మీద కూర్చోబెట్టి, మోచేతిని భుజం ఎత్తుకు తెచ్చి, అరచేతిని బల్ల మీద బోర్లించి, వేళ్లని కాస్త ముడిచి, పక్కనుంచి తీసేటప్పుడు బొటనవేలు పైకి వచ్చేలా చేతిని నిలబెట్టి, కింద చిన్న స్పాంజి ముక్క దోపేవారు. ఇదంతా ఎంత మెల్లగా చేసేవారంటే, విరిగిన చెయ్యి కూడా తనంతట తనే వచ్చి ఆయన చేతిలో ఒదిగినట్టుండేది.

"మణికట్టంటే ఏమనుకున్నావు? గుప్పెడు గులకరాళ్లని సంచిలో కట్టి, రెండు కర్రల చివర పెట్టినట్టు. ఒక్క రవ్వ పక్కకి తిప్పి తీశావా, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. పగులు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. తిరిగిపోయిన ఫోటోని గది దాటించకు" అని జూనియర్ అమ్మాయికి పదేపదే చెప్పేవారు.

ఆయనకి ఇంకో పట్టింపు ఉండేది. చంటిపిల్లలూ ముసలివాళ్లూ చెయ్యి నిలపలేకపోతే ఇంట్లోవాళ్లకి సీసపు ఏప్రాన్ తొడిగి పట్టుకోమనేవారు. అలా పట్టుకున్నవాళ్ల వేళ్లు మాత్రం ఫోటోలో పడడానికి వీల్లేదు. అవసరం లేని మనిషి మీద కిరణం పడకూడదన్నది నియమం. నియమం సంగతి అలా ఉంచి, ఆయనకి ఒళ్లు మండేది కూడా. జూనియర్ అమ్మాయి తీసినవాటిలో ఎప్పుడైనా ఎవరి వేలైనా అంచున తొంగి చూసిందా, ఇక అయిపోయిందే.

"ఇది ఎముకల ఫోటోనా, పెళ్లి ఫోటోనా అమ్మాయ్? చుట్టాలందరూ పడ్డారు!"

ఆ అమ్మాయి నాలుక కరుచుకుని నవ్వేది. ఆయన నవ్వేవారు కాదు.

రోజూ అన్ని చేతులు పట్టుకునే మనిషి చెయ్యి పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆసుపత్రికి రెండు వీధుల అవతల, గడియారాలు బాగుచేసే కొట్టు మీద, రెండు గదుల ఇల్లు ఆయనది. ఒక గదిలో ఆయన మంచం. రెండో గదిలో అమ్మ మంచం. అమ్మ పోయినా ఆ మంచం మీద దుప్పటి వారానికోసారి మార్చేవారు. ఎందుకని అడిగేవాళ్లు లేరు కాబట్టి జవాబు వెతుక్కోవలసిన అవసరం పడలేదు. పెళ్లి ఊసు ఒకటి రెండుసార్లు వచ్చింది గానీ, "అమ్మ కాస్త కోలుకోనీ" అంటూ వాయిదా వేశారు. అమ్మ కోలుకోనూ లేదు, ఆ ఊసు మళ్లీ రానూ లేదు.

రక్తసంబంధం అంటూ మిగిలింది చెల్లెలు ఒక్కతే. వేరే ఊళ్లో ఉంటుంది, రైలెక్కితే ఒక పూట ప్రయాణం. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది.

"తిన్నావా అన్నయ్యా?"

"తిన్నాను. అందరూ బాగున్నారా?"

"బాగున్నాం."

ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఫోన్ పట్టుకుని ఊరుకునేవారు. ఎవరో ఒకరు "సరే మరి" అనేవారు. అన్నాచెల్లెళ్ల మాటలంటే ఇంతే.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. చిన్నప్పుడు ఆ పిల్ల నోరు మూయించడానికి ఇంటిల్లిపాదికీ తల ప్రాణం తోకకి వచ్చేది. ఇప్పుడిలా ముక్తసరిగా అయిపోవడానికి కారణం అమ్మ ఛాతీ ఫోటో.

అమ్మకి దగ్గు ముదిరి ఆయాసం వచ్చినప్పుడు ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆయనే బోర్డుకి ఆనించి నిలబెట్టి, ఆయనే ఫోటో తీశారు. తెర మీద రెండు ఊపిరితిత్తులూ కింది నుంచి తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి. అలాంటివి ఆయన చాలా చూశారు. వాటి తర్వాత ఏం జరుగుతుందో కూడా చూశారు. ఆ సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసి అడిగితే, "ఏం లేదు, కాస్త నెమ్ము చేసింది. తీరిగ్గా రా" అన్నారు. ఉన్నదున్నట్టు చెబితే నిజమైపోతుందన్న భయం ఆయనది. చెల్లెలు తీరిగ్గానే వచ్చింది. వచ్చేసరికి అమ్మ లేదు.

"నీకు ఫోటోలో తెలిసింది. నాకు చెప్పలేదు" అంది చెల్లెలు. అరవలేదు, శపించలేదు. ఆ ఒక్క మాటే అని ఊరుకుంది. ఆ రోజునుంచి అడగాల్సినంతే అడుగుతుంది.

ఇక ఆయన మణికట్టు కథ. ఒక సెలవు రోజు పొద్దున్న అమ్మ గదిలో ఫ్యాన్ రెక్కలు తుడుద్దామని ప్లాస్టిక్ కుర్చీ ఎక్కారు. కుర్చీ కాలు నున్నటి గచ్చు మీద జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసేదే ఆయనా చేశారు, కుడిచెయ్యి నేలకి ఆనించారు. టక్కుమన్న చప్పుడు విన్నారు. ఆ చప్పుడు చేసుకొచ్చినవాళ్లని లెక్కలేనంతమందిని చూశారు గానీ, చప్పుడు వినడం మాత్రం అదే మొదలు.

కిందపడ్డవారు పడ్డట్టే కాసేపు ఉన్నారు. "అమ్మా" అన్నారు ఒకసారి. కింద కొట్టు కూడా మూసి ఉంది. ఎవరూ వచ్చేది లేదని తేలాక లేచి, కుర్చీ నిలబెట్టి, మిగిలిన రెక్కని ఎడంచేత్తో తుడిచేశారు. అవును, తుడిచేశారు! మొండితనానికి ఒక ముఖం ఉంటే అది ఆ పూట ఆ కుర్చీ మీద కనిపించేది. తర్వాత తువ్వాలుతో చేతిని మెడకి కట్టుకుని ఆసుపత్రికి నడిచారు.

డ్యూటీలో జూనియర్ అమ్మాయి ఉంది. చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో సార్! ఎలా పడ్డారు? కూర్చోండి, నేను పెడతాను."

"వద్దొద్దు. నేనే పెట్టుకుంటాను. నువ్వు లోపలికెళ్లి మీట నొక్కు చాలు."

"మీకు మీరెలా పెట్టుకుంటారు సార్?"

"ఎవరికి నేర్పుతున్నావు?" అన్నారాయన. ఆ అమ్మాయి గాజు వెనక్కి వెళ్లింది.

రోగి స్టూలు మీద ఆయన అంతకుముందెప్పుడూ కూర్చోలేదు. ఆ బల్ల ఇంత చల్లగా ఉంటుందని గానీ, గాజు కిటికీ అవతల మనిషి అంత దూరంగా కనిపిస్తాడని గానీ ఆయనకి తెలియదు. ఎదురుగా ఒకటి తీయించుకున్నారు. పక్కనుంచి తీసేటప్పుడు ఎడంచేత్తో కుడిచేతిని నిలబెట్టి, స్పాంజి ముక్క సర్దుకుని, ఆఖరున మణికట్టుని రవ్వంత తిప్పారు. ఎంత తిప్పితే ఏది దేని చాటుకి పోతుందో ఆయన కంటే తెలిసినవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు. నొప్పికి తిరిగిపోయిందా, తెలిసే తిప్పారా అని నిలదీస్తే ఆయన నొప్పి మీదకే నెట్టేవారు. నన్నడిగితే తెలిసే తిప్పారు. పెద్ద విరుపు బయటపడితే ఆపరేషన్ అంటారు. ఆపరేషన్ అంటే తోడుకి ఎవరున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు. పెళ్లిచూపులకి ఫోటో దిగేవాడు మొహాన్ని బాగున్న వైపుకి తిప్పుకున్నట్టు, ఈయన ఎముకని బాగున్న వైపుకి తిప్పుకున్నారు.

గాజు వెనక ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగింది. ఆయన చూపు చూసి తల దించుకుంది.

"కదలకండి సార్" అంది అలవాటుగా. మీట నొక్కింది.

ఫోటో ముచ్చటగా వచ్చింది. ఎముక చివర సన్నటి వెంట్రుకలాంటి గీత, అంతే. ఆ పూట ఉన్న చిన్న డాక్టరు చూసి, "పగులే సార్, కీలు జరగలేదు" అని సిమెంటు కట్టు వేయించి పంపాడు. కట్టుతో మెట్లెక్కుతుంటే ఆయనకి గెలిచినట్టే అనిపించింది.

ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు ఎడంచేత్తో తీయబోయి కింద పడేశారు.

"ఏంటా చప్పుడు?" అంది చెల్లెలు.

"ఫోన్ జారింది. చేతికి చిన్న పగులు వచ్చిందిలే. ఏం లేదు."

"ఏం లేదా" అంది చెల్లెలు. అది ప్రశ్నలా కూడా లేదు. ఫోన్ పెట్టేసింది.

ఎడంచేత్తో బతకడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. చొక్కా గుండీ ఒక్కటి పెట్టుకోవడానికి యుద్ధమే. పాల ప్యాకెట్టు పళ్లతో కొరికితే సగం మీద పడ్డాయి. తాళం వేయబోతే తలుపు కదులుతుంది, తలుపు పట్టుకుందామంటే రెండో చెయ్యి లేదు. ఒకరోజు చొక్కా గుండీలు రాక, అరగుండీలతోనే అమ్మ మంచం మీద కూర్చుండిపోయారు. ఇంకో చెయ్యి ఈ ఇంట్లో ఉంటే బాగుండు అనుకున్నారు. తన చెయ్యా, మరొకరిదా అన్నది తేల్చుకోలేదు.

సెలవు పెట్టమన్నా ససేమిరా అన్నారు. రోజూ వెళ్లి ఎక్స్‌రే గదిలో ఒక మూల కూర్చునేవారు. జూనియర్ అమ్మాయి మణికట్లు సర్దుతుంటే చూసేవారు. ఒకసారి పడిపోయిన ముసలాయన చెయ్యి వణుకుతుంటే అలవాటుగా లేచి ముందుకెళ్లి, తన కట్టు గుర్తొచ్చి మళ్లీ వచ్చి కూర్చున్నారు. పనిలేక దిగులు అనుకున్నారు అందరూ. ఇన్నాళ్లూ రోజుకి అన్ని చేతులు తన చేతిలోకి వచ్చేవి కాబట్టే ఇంట్లో ఒంటరితనాన్ని ఓర్చుకున్నానని ఆయనకి అక్కడ కూర్చున్నప్పుడే అర్థమైంది.

ఈలోగా బొటనవేలూ, పక్క రెండు వేళ్లూ తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. లోపల నరం నలుగుతోందని తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు.

వారం తిరిగాక ఎముకల డాక్టరమ్మ దగ్గర చూపించుకోవాలి. ఆవిడ ముక్కుసూటి మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. కట్టు విప్పించి, వాచిన చేతిని చూశారు. తెర మీద ఫోటో చూశారు. మళ్లీ చెయ్యి చూశారు.

"బొటనవేలితో చిటికెనవేలు ముట్టుకోండి."

ఆయన ప్రయత్నించారు. బొటనవేలు సగం దూరంలో ఆగిపోయింది.

"తిమ్మిరి ఉందా?"

"కొద్దిగా."

"ఎన్నాళ్లనుంచి?"

ఆయన చేతిని ఒళ్లోకి లాక్కున్నారు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి సార్. మీ ఫోటో ఒకటి చెబుతోంది, మీ చెయ్యి ఇంకోటి చెబుతోంది. ఇద్దరిలో ఎవరో అబద్ధమాడుతున్నారు. పైగా ఈ పక్క ఫోటో కొంచెం తిరిగినట్టుంది. మీ గదిలోంచి ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఇవాళే సీటీ తీయిద్దాం."

ఆయనకి తల తీసేసినట్టయింది.

సీటీ గదిలోనూ జూనియర్ అమ్మాయే ఉంది. బోర్లా పడుకుని, దెబ్బతిన్న చేతిని తల దాటించి ముందుకి చాచాలి. ఆయన తనే చాచుకోబోయారు.

"ఈసారి నేను పెడతాను సార్" అంది ఆ అమ్మాయి. వెనక్కి తగ్గలేదు.

ఆయన చెయ్యి వదిలేశారు. ఆ అమ్మాయి మోచెయ్యి కింద మెత్త పెట్టింది, మణికట్టుని రెండు చేతులతో ఎత్తి సరిచేసింది, వేళ్లని కాస్త ముడిచింది, అన్నీ ఆయన నేర్పినట్టే. తన చేతిని మరో మనిషి అలా పట్టుకుని ఎన్నాళ్లయిందో ఆయనకి గుర్తురాలేదు. అమ్మ పోయే ముందు పట్టుకుంది, అంతే. కళ్లు చెమ్మగిల్లాయి. బోర్లా పడుకోవడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం, మొహం ఎవరికీ కనిపించకపోవడం.

"కదలకండి సార్. నేనిక్కడే ఉన్నాను."

అడుగుల చప్పుడు దూరమైంది. తలుపు మూసుకుంది. యంత్రం తిరగడం మొదలైంది.

ఆ మాట వినేవాళ్లకి ఎలా వినపడుతుందో ఆయనకి అప్పుడు తెలిసింది. వింటున్నంతసేపూ ధైర్యంగానే ఉంటుంది. తలుపు మూసుకున్నాక మాత్రం గదిలో మనిషీ, యంత్రం తప్ప ఏమీ మిగలదు. ఆఖరి ఫోటో రోజున ఆయాసపడుతూ బోర్డుని కావలించుకుని నిలబడ్డ అమ్మకీ ఇదే మాట చెప్పారు. నేనిక్కడే ఉన్నానమ్మా, కదలకు. అమ్మ కదల్లేదు. ఆయన అక్కడ లేరు.

తర్వాత డాక్టరమ్మ గదిలో ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. సీటీ ఎముకని పలచటి పొరలు పొరలుగా చూసి, ఆ పొరలన్నీ పేర్చి, మళ్లీ ఎముకని నిలబెడుతుంది. దానికి బాగున్న వైపు, బాగోలేని వైపు అంటూ ఉండదు. ఎటు తిప్పినా చూపిస్తుంది. డాక్టరమ్మ మణికట్టు బొమ్మని తిప్పి, పైనున్న చిన్న ఎముకలన్నిటినీ తెర మీదనుంచి తీసేసి, కీలు ఆనే చోటుని పైనుంచి చూపించారు. గీతలా కనిపించింది గీత కాదు. ఎముక చివర ముక్కలైంది. మధ్య ముక్క, గచ్చులో ఒక పలక కుంగినట్టు, లోపలికి దిగిపోయింది.

ఆయన చూపు తిప్పుకోలేకపోయారు. ఇంత నిజమైన ఫోటో తనది ఇంకొకటి లేదనిపించింది.

"దీన్ని ఇలాగే అతకనిస్తే కీలు అరిగిపోతుంది. చెయ్యి బిగుసుకుపోతుంది. అరచెయ్యి పైకి తిప్పలేరు. ఇంకొకళ్ల చెయ్యి పట్టుకుని మీరు నిలబెట్టే ఆ పని ఉందే, అది మర్చిపోవలసిందే. అరచేతి వైపునుంచి తెరిచి, కుంగిన ముక్కని పైకి లేపి, కింద ప్లేటు పెట్టి మేకులు బిగించాలి. ఏ మేకు ఏ ముక్కని పట్టుకోవాలో ఇదిగో ఇక్కడే తేల్చుకుని లోపలికి వెళ్తాను. నరం మీద ఒత్తిడి కూడా తీయాలి. ఇప్పటికే అతకడం మొదలైంది, జాప్యం చేస్తే నా చేతుల్లో ఉండదు. రేపు పొద్దున్నే. తోడుకి ఎవరున్నారు?"

ఆ ప్రశ్న రానే వచ్చింది.

"ఎవరూ..." అని ఆగారు. "చెబుతాను."

వరండాలోకి వచ్చేసరికి జూనియర్ అమ్మాయి నిలబడి ఉంది.

"ఆ రోజు నేను చూశాను సార్. చెయ్యి తిరిగి ఉందని కనిపించింది. మీకు నేను చెప్పడమేంటని ఊరుకున్నాను."

"తప్పు నీది కాదమ్మాయ్."

"నాదీ ఉంది సార్. తిరిగిపోయిన ఫోటోని గది దాటించొద్దని చెప్పింది మీరే. దాటించింది నేను." ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "రేపు తోడు నేనుంటాను. సంతకం నేను పెడతాను."

ఆయన సరే అనబోయారు. అనేస్తే ఎంత సులువుగా ఉండేది! చెల్లెలి ముందు ఏడవక్కర్లేదు, పాత విషయాలు తవ్వుకోనక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక ఆదివారం మళ్లీ "తిన్నాను" అనొచ్చు. ఆ సులువే ఆయన్ని భయపెట్టింది. ఆ అమ్మాయి భుజం తట్టి, వరండా చివరికి వెళ్లి, ఎడంచేతి బొటనవేలితో వెతుక్కుంటూ చెల్లెలి నెంబరు నొక్కారు. ఆ రోజు ఆదివారం కాదు.

"అన్నయ్యా?" చెల్లెలి గొంతులో కంగారు. తర్వాత అలవాటుగా, "తిన్నావా?"

"లేదు" అన్నారాయన.

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట అదే మొదలు.

"ఏమైంది?"

"చెయ్యి బాగా విరిగింది. ఏం లేదని నీతో అన్నది అబద్ధం. ఫోటో కూడా అబద్ధమే, నేనే అలా తీయించుకున్నాను. లోపల ముక్కలైపోయింది. రేపు ఆపరేషన్."

"ఎప్పుడు రమ్మంటావు?" అంది చెల్లెలు. "తీరిగ్గానా?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. గుచ్చాలనే అంది. ఆయన గోడకి ఆనుకున్నారు.

"ఇవాళే రా చెల్లాయ్. నాకు భయంగా ఉంది."

ఫోన్ ఆగిపోయింది. వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు. మధ్యాహ్నమంతా ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. గేటు చప్పుడైతే చాలు, తల తిరిగేది. అమ్మకి బాగోలేనప్పుడు తీరిగ్గా రమ్మంటే, చెల్లెలు తన మాట నమ్మి ఇంట్లో కూర్చుని ఉంటుంది కదా అనిపించింది. ఎదురుచూడ్డం ఎంత కష్టమో, ఎదురుచూసే అవకాశం కూడా ఇవ్వకపోవడం అంతకంటే ఎంత అన్యాయమో అర్థమవుతుంటే ఆయన లోలోపలే కుమిలిపోయారు.

సాయంకాలం రైలు దిగి చెల్లెలు వచ్చింది. చేతిలో చిన్న సంచి. జుట్టు నెరిసింది, నడక అమ్మ నడకలా అయింది. ఆయన పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడి ఆయన చొక్కా చూసింది. గుండీలు ఒక దాంట్లోది ఒక దాంట్లో పెట్టి ఉన్నాయి. సంచి కింద పెట్టి, వంగి, అన్నీ విప్పి మళ్లీ సరిగ్గా పెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ మొహంలోకి చూడలేదు.

"నాకు ఫోటో చూపించమను" అంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చూపించారు. కుంగిన ముక్కని, లేవాల్సిన ఎత్తుని, మేకులు వెళ్లే దారిని. చెల్లెలు తెర ముందునుంచి చాలాసేపు కదల్లేదు. పొరలు పైకీ కిందికీ జరుపుతుంటే ఆపమని, మళ్లీ చూపించమని అడిగింది.

"ఈసారి నేను కూడా చూశాను" అంది బయటికొచ్చాక. "అమ్మది కూడా ఇలా చూపించి ఉంటే ఆ పూటే బయల్దేరేదాన్ని. అమ్మ నన్ను చూసేది."

"అవును" అన్నారాయన. సంజాయిషీ ఏదీ చెప్పలేదు. ఉంటే కదా చెప్పడానికి.

"నా కోపం పోలేదు అన్నయ్యా."

"తెలుసు."

"ఎల్లుండి రాత్రి బండికి వెళ్లిపోవాలి."

"సరే."

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేటప్పుడు చెల్లెలు తలుపు దాకా వచ్చింది. మత్తులోకి జారేముందు ఆయన విన్నది తలుపు ఊగే చప్పుడు. అవతల ఒక మనిషి నిలబడి ఉందని తెలిసి తలుపు చప్పుడు వినడం ఆయనకి కొత్త.

డాక్టరమ్మ అనుకున్నది అనుకున్నట్టే చేశారు. ముక్క పైకి లేచింది. వేళ్ల తిమ్మిరి మెల్లగా వదులుతుందన్నారు. చెయ్యి మునుపటిలా అవుతుందా అంటే, "వ్యాయామం మీ వంతు, మాట ఇవ్వలేను" అన్నారు.

మర్నాడు ప్లేటు సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి ఎక్స్‌రే తీయాలని ఆయన్ని ఆయన గదికే తీసుకొచ్చారు. మళ్లీ అదే చల్లటి బల్ల, అదే స్టూలు. ఎదురు ఫోటో అయింది. పక్కనుంచి తీయాలంటే చెయ్యి నిలబడడం లేదు, వణికిపోతోంది. స్పాంజి పెట్టినా వాలిపోతోంది. జూనియర్ అమ్మాయి వార్డు ఆయమ్మని కేకేయబోయింది.

"నేను పట్టుకుంటాను" అంది తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెలు.

సీసపు ఏప్రాన్ తొడిగితే భుజాలు కుంగాయి. "అబ్బ, ఇదేం బరువు!" అంది. "ఇంత బరువు మోస్తూ నిలబడతారా మీరు?" వచ్చి పక్కన నిలబడి, అన్న మోచేతిని ఒక చేత్తో, వేళ్లని ఇంకో చేత్తో పట్టుకుంది.

ఆయనకి ప్రాణం ఊరుకోలేదు. "కొంచెం వెనక్కి పట్టుకో. వేళ్లు ఫోటోలో పడకూడదు. ఇంకాస్త..."

"నువ్వూరుకో. కదలకు."

జూనియర్ అమ్మాయి నవ్వాపుకుంది. "కదలకండి. నేనిక్కడే ఉన్నాను" అంది. తలుపు మూసుకుంది. ఆయన తలుపు వైపు చూడలేదు. చెల్లెలి అరచెయ్యి వెచ్చగా ఉంది, కాస్త చెమటపట్టింది, గట్టిగా పట్టుకుంది.

ఫోటో గదిలోని తెర మీదకి వచ్చింది. ఎముక చివర సమంగా ఉంది. దాని కింద ప్లేటు, ప్లేటులోంచి మేకులు, ఒక్కోటీ వెళ్లాల్సిన చోటికి వెళ్లి ఉన్నాయి. చెయ్యి ఏ వైపుకీ తిరగలేదు. ఫోటో అంచున మాత్రం, ఆయన వేలి ఎముకలని చుట్టుకుని ఇంకో రెండు వేళ్ల ఎముకలు, వాటిలో ఒకదానికి ఉంగరం.

జూనియర్ అమ్మాయి లోపలికి వచ్చి, తల గోక్కుంది. "పెళ్లి ఫోటో అయిపోయింది సార్. మళ్లీ తీయనా?"

ఆయన తెరకి దగ్గరగా జరిగారు. తన గదిలోంచి ఇలాంటి ఫోటో ఎన్నడూ బయటికి పోనివ్వలేదు.

"వద్దు. చూడాల్సింది కనిపిస్తోందిగా. ఉండనీ."

ఏప్రాన్ బరువుతో నిలబడే చెల్లెలు మెడ చాచి చూసింది. ఆ నలుపు తెలుపుల్లో ఏది ఏమిటో అర్థంకాక మొహంలో కంగారు. "ఏంటన్నయ్యా? ఏమైంది?"

ఏం లేదు అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ఎడంచేత్తో తెర అంచు చూపించారు.

"ఇవి నీ వేళ్లు" అన్నారు.